కళాపండ్ల సోదా

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. టౌన్‌బస్సు సింగానల్లూరు స్టాపులో ఆగకుండా పోయిందని కోపం, ఆగితే సీటు లేదని కోపం, సీటు దొరికితే పక్కవాడు నిద్రపోతూ భుజం మీద వాలుతున్నాడని కోపం. ఇప్పుడు డాక్టరు రోజూ పొద్దున వేసుకోమని ఒక మాత్ర రాసిచ్చాడు. అది మరిచిపోయానని మా ఆవిడ గుర్తు చేస్తే ఆవిడ మీద కోపం. మొన్న మా వీధి బేకరీలో మా పాప బన్ను మీది ఎర్రటి చెర్రీని ఏరుకుని తింటుంటే నేను ఊరుకోలేక, అది చెర్రీ కాదు, మన కళాక్కాయకి గింజ తీసి రంగు వేసి పాకంలో ముంచిందని చెప్పాను. బేకరీవాడు తల కూడా ఎత్తకుండా "చెర్రీనా చెర్రీదాన్ సార్" అన్నాడు, చెర్రీ అంటే చెర్రీయే అని. వాడితో నేను అరగంట పేచీ పెట్టుకున్నాను. బన్ను తినడం అయిపోయి, చేతులు కడుక్కుని, మా పాప నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. ఆ పిల్లకేం తెలుసు, ఆ పండుకీ నాకూ మధ్య ఉన్న పాత లెక్క! (తెలుగు చదవడం, రాయడం నేను ముప్పై దాటాక నేర్చుకున్నాను. బడిలో నేర్పింది అరవం. ఇందులో తప్పులుంటే మీరు తిట్టుకోవచ్చు, కానీ నాకు వినిపించేలా తిట్టకండి.)

కళాపండు గురించి ముందు చెప్పాలి. ఆంధ్రావైపు దాన్ని కలివి పండు అంటారట. సముద్రం ఒడ్డు ఇసుక దిబ్బల మీద నడుమెత్తు పొదలుగా పెరుగుతుంది. కొమ్మ కొమ్మకీ జంట ముళ్ళు. కాయ పచ్చిగా ఉన్నప్పుడు గిల్లితే పాలు కారతాయి, జిగురు వేళ్ళకి పట్టి ఒక పట్టాన వదలదు. పండితే నల్లగా, ముట్టుకుంటే చిట్లేలా ఉంటుంది. నోట్లో వేసుకుంటే మొదట తీపి, వెనకే పులుపు, ఆ వెనక నాలుకంతా ఊదారంగు. మా కులదైవం తూత్తుక్కుడి దాటాక అలాంటి దిబ్బల మధ్య ఒక చిన్న గుళ్ళో ఉంటుంది. చుట్టూ ఈ పొదలే. మా పెద్దలు ఎన్నో తరాల కిందట ఆకలితో ఆ దారిన వచ్చినప్పుడు ఈ పండ్లే తిని ప్రాణం నిలబెట్టుకున్నారని మా అవ్వ చెప్పేది. అందుకని మా ఇంటివాళ్ళకి అక్కడ ఒక కట్టుబాటు. అక్కడ నిలబడి ఎన్ని పండ్లయినా తినొచ్చు. ఒక్కటి కూడా దిబ్బ దాటించకూడదు. ముత్తాతకి తాత ఎవరో ఒకాయన ఆశపడి పైపంచెలో మూటగట్టుకుని బండెక్కితే చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయట. మూట విప్పి పొదల కింద పోసేదాకా ఎడ్లు అడుగు వెయ్యలేదట. ఈ కథ మా ఇంట్లో ఉగ్గుపాలతో పాటు పోస్తారు.

ఇక నా సంగతి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. డిప్లొమాలో ఎన్నో సబ్జెక్టులు బాకీ. మా ఊళ్ళో వాటిని అరియర్ అంటారు. నా పేరు ఇంట్లో అందరూ మరిచిపోయారు. "అరియర్ తిన్నాడా", "అరియర్‌ని లేపండి", "అరియర్, పోయి పెరుగు తీసుకురా" — ఇదీ నా బతుకు. నన్ను మనిషిగా చూసింది మా అక్క ఒక్కతే. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపింది ఆవిడే. ఆ అక్కని ఉడుమలైపేట కొబ్బరితోటల వాళ్ళకి ఇచ్చారు. ఆవిడకి తొలిచూలు మగబిడ్డ పుట్టాడు. ఏడాది నిండగానే కులదైవానికి పొంగలి పెట్టి, అక్కణ్ణుంచి తిరుచెందూరు పోయి, పుట్టువెంట్రుకలు తీయించి చెవులు కుట్టించాలని పెద్దలు నిర్ణయించారు. ఆ రెండూ జరిగేది మేనమామ ఒడిలో. తాయిమామన్ అంటే మా వైపు అంత మర్యాద. అక్కకి సొంత తమ్ముణ్ణి నేను ఒక్కణ్ణే. అంటే ఆ రోజు, జీవితంలో మొదటిసారి, నేను లేకుండా ఒక పని జరగదు. నెల ముందునుంచీ నేను గడ్డం కూడా ఆ రోజుకి సరిపోయేలా పెంచుతున్నాను.

అక్కడే వచ్చింది చిక్కు. మా పెదనాన్న కొడుకు ఒకాయన ఉన్నాడు. సింగానల్లూరులో పంపుసెట్ల వర్క్‌షాపు. పంపుసెట్టన్న అని పిలిచేవాళ్ళం. బెల్టుకి సెల్‌ఫోను పెట్టుకునే తోలుసంచి తగిలించుకుని, ఎవరితో మాట్లాడినా దాన్ని తడుముకుంటూ మాట్లాడేవాడు. ప్రయాణం రోజు పొద్దున ఇంటికొచ్చి, మంచం మీద కాలు మీద కాలేసుకుని, "నాకూ అది చెల్లెలే కదా అవ్వా. బిడ్డని ఒడిలో పెట్టుకునేవానికి కొంజెం నిలకడ ఉండాల. అరియర్ ఒడిలో పెడితే సమ్మందుల ముందర మనకేమి మర్యాద?" అన్నాడు. సమ్మందులంటే వియ్యాలవారు. నేను పక్కగదిలోనే ఉన్నాను. పళ్ళు పటపట కొరికాను. అవ్వ "చూస్తాం, చూస్తాం" అంది. చూడ్డానికేముంది? నేను ఆయన పంపుసెట్ల మీద హక్కు అడిగానా? ఆ రాత్రి కోపంతో నేను భోజనం మానేశాను. ఎవరూ గమనించలేదు. ఆ కోపం వేరే.

మరునాడు శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం, ఆలోగా చెవి కుట్టించాలి. మా నాన్న, బావ తిరుచెందూరులో చెవులు కుట్టే ఆచారిని పట్టి ఉంచడానికి ముందే బస్సులో వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం అద్దె వ్యానులో రాత్రే బయల్దేరి తెల్లారేసరికి దిబ్బల దగ్గరికి చేరాం. అవ్వ, అక్క, చంటివాడు, అక్క అత్తగారు, బావ చెల్లెలు, పంపుసెట్టన్న, నేను, డ్రైవరు. అక్క అత్తగారిది మెత్తని గొంతు. ఆ గొంతుతో ఎదుటివాడి పరువు తీసేది. (ఈ మాట నేను భయపడకుండా రాస్తున్నాను, ఆవిడకి తెలుగు చదవడం రాదు.) పొంగలి పొంగింది, దణ్ణాలయ్యాయి. ఒక అరగంట తీరిక దొరికింది. నేను నేరుగా పొదల్లోకి దూరాను. తినొచ్చన్నారు కదా, తిన్నాను. రాత్రి మానేసిన భోజనం కూడా కలిపి తిన్నాను. ముళ్ళు గీరుకున్నాయి, చొక్కా మీద ఊదామరకలు పడ్డాయి, మూతి నల్లబడింది. పక్క పొద దగ్గర బావ చెల్లెలు కూడా నాకు తీసిపోకుండా తింటోంది. మిగిలిన పెద్దమనుషులు ఒక్కొక్కరూ ఒక్కో దిక్కుకి "గాలికి" పోయారు. సముద్రం చూస్తామన్నారు. వాళ్ళు పోయిన ఏ దిక్కునా సముద్రం లేదని నాకు అప్పుడు తోచలేదు.

తిరిగి వ్యానెక్కాం. నాలుగు బారలు కదిలిందో లేదో, వెనక చక్రాలు ఇసుకలో దిగబడి గిర్రున తిరిగాయి. డ్రైవరు రేజ్ చేసినకొద్దీ ఇంకా దిగింది. వాడు తల బయటపెట్టి చూసి, అందరూ దిగితే బండి తేలిక పడుతుందన్నాడు. అవ్వ దిగలేదు. సీటు కమ్మీ పట్టుకుని నిటారుగా కూర్చుని, మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. "ఎవుడో అమ్మ సొత్తు ఎత్తుకొచ్చినాడు" అంది. డ్రైవరు "మణల్ పాట్టి, వెరుం మణల్!" అని మొత్తుకున్నాడు. ఉత్త ఇసుక అవ్వా అని వాడి గోల. అవ్వ వినలేదు. "ఇసుక నిన్నా ఉండాది, వచ్చేటప్పుడూ ఉండాది. వచ్చేటప్పుడు దిగబడని బండి పోయేటప్పుడు ఎందుకు దిగబడతాది? దొంగ దొరికేదాకా ఎవురూ దిగేది లేదు. ఎవురురా అది? ఇబ్బుడే చెప్పండి."

అప్పుడు పంపుసెట్టన్న తోలుసంచి తడుముకుంటూ, చాలా బాధపడుతున్నవాడిలా మొహం పెట్టి, "ఇందులో వెతికేదానికి ఏముంది అవ్వా? వాని నోరు చూడు" అన్నాడు. అందరూ నా నోరు చూశారు. నేను నోరు మూసుకున్నాను. మూసుకోవడమే తప్పయింది. దొంగే కదా నోరు మూసుకునేది!

"తిన్నా. అక్కడే నిలబడి తిన్నా. తినొచ్చని నువ్వే చెప్పినావు గదా అవ్వా" అన్నాను. నాకు అప్పటికే చెవులు వేడెక్కాయి.

"తిన్నవాడు రెండు జోబీలో వేసుకోకుండా ఉంటాడా? అరియర్ బుద్ధి మనకి తెలీదా?" అన్నాడు అన్న.

అత్తగారు తన మెత్తని గొంతు విప్పింది. "పావం, చిన్నపిల్లగాడు, ఆశపడి ఉంటాడు సమ్మందీ. విడిచిపెట్టండి. అయితే ఒగటి... ఇది మా ఇంట్లో మొదటి మగబిడ్డ. సామి సొత్తు మింద చెయ్యేసినవాని ఒడిలో ఎట్ట పెట్టేది? పెద్ద మామ ఒడిలో పెడితే ఆయె. ఆయన కూడా మామే గదా." పెద్ద మామ అంటే పంపుసెట్టన్న. ఆయన వెంటనే చొక్కా సరిచేసుకుని, ఒడి ఇప్పుడే సిద్ధంగా ఉందన్నట్టు మోకాళ్ళు దగ్గరికి చేర్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను దొంగ అన్నా పడేవాణ్ణేమో, నా మేనల్లుణ్ణి నా ఒడిలోంచి లాక్కుంటున్నారు, అదీ నేను చెయ్యని పనికి.

"వెతుక్కోండి!" అని అరిచి వ్యానులోంచి దూకాను. దూకాక తెలిసింది, నిజంగానే వెతుకుతారని. "చొక్కా విప్పు" అంది అవ్వ కిటికీలోంచి. విప్పాను. "దులుపు." దులిపాను. "వేష్టి అంచు విప్పి చూపించు." పంచె అంచు విప్పి చూపించాను. "చెప్పులు తిరగెయ్యి." తిరగేశాను, ఇసుక రాలింది. చెప్పుల్లో పండ్లు దాచుకునేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను ఎండలో, చంకల కింద చిరుగులున్న బనియన్‌తో, ఊదారంగు మూతితో నిలబడితే, నా సొంత కుటుంబం వ్యాను కిటికీల్లో వరసగా కూర్చుని నన్ను చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. పైగా వెనక కిటికీలోంచి బావ చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి నాకు వచ్చిన కోపం ఇన్నేళ్ళయినా పూర్తిగా చల్లారలేదు. (మాత్ర గుర్తు చేసేది ఆవిడే. అప్పట్లో అక్క అత్తగారు, ఇప్పుడు నాకూ అత్తగారే. ఒక మనిషిని బనియన్‌తో చూసి నవ్వితే ఇలాంటి శిక్షలే పడతాయి.)

నా దగ్గర ఏమీ దొరకలేదు. దొరకదని తెలిసినవాణ్ణి నేను ఒక్కణ్ణే కాబట్టి ఆశ్చర్యపోయింది మిగతావాళ్ళు. అన్న కొంచెం ఆలోచించి, "కడుపులో ఉండాదే, అది లెక్కకి రాదా?" అన్నాడు. అంటే ఏమిటి, నేను తిన్నది అక్కడే కక్కేసి బండెక్కాలా? అవ్వ ఆ మాట కూడా నిజంగానే ఆలోచిస్తున్నట్టు గడ్డం గోక్కుంది. ఆ గోక్కునే చేతి మీద నా చూపు పడింది. మోచేతినుంచి మణికట్టుదాకా తాజాగా ఎర్రటి గీరలు. నేను అన్న చేతులు చూశాను. గడియారం పట్టీ కింద గీరలు. అత్తగారు చేతులు చీరకొంగు కిందకి లాక్కుంది. డ్రైవరు స్టీరింగు మీది చెయ్యి తీసి తొడ కింద పెట్టుకున్నాడు. ఇంతమందిలో మూతి నల్లబడినవాళ్ళం ఇద్దరమే, నేనూ కిటికీలో నవ్వే ఆ పిల్లా. మిగిలినవాళ్ళ మూతులు కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. చేతులు మాత్రం ముళ్ళు గీరుకుని ఉన్నాయి. పండ్లు కోసి, తినకుండా, ఏం చేశారయ్యా మీరంతా?

నేను ఇక ఆగలేదు. నేను అరిచిన అరుపుకి గుళ్ళో పూజారి బయటికొచ్చి నిలబడ్డాడు. "నన్ను చొక్కా విప్పించి చూసినారు గదా! ఇబ్బుడు అందరూ విప్పండి! బ్యాగులు విప్పండి, డబ్బాలు విప్పండి! మీ చేతులు చూసుకోండి ఒగసారి! అందరినీ సోదా చేసేదాకా ఈ బండి కదలకూడదు!" అని వెళ్ళి వ్యాను ముందు ఇసుకలో చతికిలబడ్డాను. (కదలకూడదని పట్టుబట్టడానికి ఆ బండి ఎటూ కదలడం లేదు. కోపంలో ఉన్నవాడికి ఇవన్నీ తట్టవు.) అన్న "లేయిరా, పెద్దోళ్ళని సోదా చేస్తావా, అడుగుతుండా, లేయి, నేరం అయిపోతాంది, రాహుకాలం వచ్చేస్తాంది!" అని గుడ్లురిమాడు. అవ్వ నన్ను పుట్టినప్పుడే ఏం చేసి ఉండాల్సిందో వివరంగా చెప్పింది. అత్తగారు, ఇలాంటి కోపిష్టివాణ్ణి చూస్తే బిడ్డకి జ్వరం వస్తుందంది. నేను కదల్లేదు. ఇసుక కాలుతోంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి చెమట అని చెప్పి తుడుచుకోడానికి కూడా నా చొక్కా నా దగ్గర లేదు, అది అవ్వ చేతిలో ఉంది.

అప్పుడు వ్యాను తలుపు తెరుచుకుంది. అక్క దిగింది. మా అక్క పెద్దల ముందు గొంతెత్తిన మనిషి కాదు, అందుకే ఆవిడ దిగగానే అందరూ నోళ్ళు మూశారు. చంకలో చంటివాణ్ణి తెచ్చి నా ఒడిలో కూర్చోబెట్టింది. వాడు నా బనియన్ చిరుగులో వేలు పెట్టి ఆడుకోవడం మొదలుపెట్టాడు. అక్క భుజాన ఉన్న పాలసీసాల సంచి విప్పి, వాడి సెరలాక్ గిన్నె తీసి, మూత తెరిచి ఇసుకలో పెట్టింది. గిన్నె నిండా కళాపండ్లు.

"నేనే ఎత్తినా" అంది. "తినాలని ఉండె. వాణ్ణి అనకండి. నా తమ్ముని ఒడిలో తప్ప నా బిడ్డకి చెవి కుట్టేది లేదు. వేరే ఎవురి ఒడిలోనన్నా పెడతామంటే, చెవులు కుట్టకుండానే ఇంటికి తీసుకపోతా."

ఆ మాటతో ఒక కట్ట తెగింది. మొదట తెగింది డ్రైవరు. మెల్లిగా సీటు కిందనుంచి ఒక నీళ్ళసీసా తీశాడు, అందులో నీళ్ళకి బదులు పండ్లు. "ఇంట్లో చిన్నపిల్ల అడిగింది పాట్టి" అని అరవంలో గొణిగాడు. ఇంతసేపూ ఇసుక, ఇసుక అని వాడెందుకు మొత్తుకున్నాడో నాకు అప్పుడర్థమైంది. అత్తగారి పొంగలి క్యారియరులో పొంగలి పైగిన్నెలోనే ఉంది, కిందిగిన్నెలో ఏముందో ఆవిడే మూత తీసి, "కొంజెందానే" అంది, కొంచెమే కదా అన్నట్టు. పంపుసెట్టన్న వ్యాను మెట్టు మీదికి వచ్చి ఆకాశం చూశాడు. నేను ఆయన బెల్టు చూశాను. నాతోపాటు అందరూ బెల్టు చూశారు. తోలుసంచి అడుగునుంచి ఊదారంగు నీరు సన్నగా ఆయన ప్యాంటు మీదికి దిగుతోంది. ఆయన సెల్‌ఫోను చొక్కా జేబులో ఉంది. ఫోనుకి కొన్న సంచిలో పండ్లు నింపి, దాన్నే తడుముకుంటూ నన్ను దొంగ అన్నాడీ పెద్దమనిషి! తిట్లకి కూడా ఒక హద్దుంటుంది, అది దాటిపోయింది ఆ దృశ్యం.

ఇక మిగిలింది అవ్వ. అవ్వ నడుముకి దోపుకున్న వక్కాకు సంచి ఎప్పుడూ ఉండేదానికన్నా లావుగా ఉంది. అడిగే ధైర్యం ఎవరికుంది? ఆవిడే సంచి మూతి వదులు చేసి ఒడిలో గుమ్మరించుకుంది. పచ్చివి. పాలు కారుతున్న లేత కాయలు. "నేను పండు ఎత్తలా" అంది, ఎవరికీ లొంగని గొంతుతో. "ఇది కాయ. అమ్మ వద్దన్నది పండు. కాయని ఎవురూ వద్దనలా."

నేను కాళ్ళతో ఇసుక తన్నాను. ఒడిలో బిడ్డ ఉన్నాడు కాబట్టి అంతకన్నా ఏమీ చెయ్యలేకపోయాను. నా చొక్కా విప్పించి, వేష్టి దులిపించి, చెప్పులు తిరగేయించిన న్యాయాధికారి సొంత నడుముకి ఊరగాయ సరుకు కట్టుకుని కూర్చుంది! అవ్వ మాత్రం నా వైపు చూడటం లేదు. అక్క వైపు చూస్తోంది. "కడుపుతో మాసంగా ఉన్నప్పుడు కళాక్కాయ ఊరగాయ కావాలని అడిగినావు. ఎన్ని సంతలు తిరిగినా దొరకలా. ఆ చింత నాకు ఈ ఏడాదంతా ఉండాది" అంది. అక్క వెళ్ళి అవ్వ మోకాలి మీద చెయ్యి వేసి నిలబడింది. నాకు కోపం అలాగే ఉంది, కానీ దాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక పూజారి మీద పెట్టుకున్నాను. ఆయన పాపం ఇంకా అక్కడే నిలబడి చూస్తున్నాడు.

అందరూ దిగి, తలా ఒక పాత్ర పట్టుకుని, మళ్ళీ పొదల దాకా నడిచారు. అవ్వని అన్న చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఎత్తినవన్నీ పొదల కింద పోసి, చెంపలు వేసుకున్నారు. డ్రైవరు పరుగున వచ్చి బండి ఎక్కి స్టార్టు చేస్తే, వ్యాను ఒక్క ఊపులో గట్టి నేల మీదికి వచ్చేసింది. అవ్వ రెండు చేతులూ ఎత్తి "అమ్మా, నీ కరుణ!" అంది. అన్న కళ్ళు ఒత్తుకున్నాడు. అయ్యా, బండిలో డ్రైవరు తప్ప ఒక్క మనిషి లేడు, బరువంతా దిగి పొదల దగ్గర నిలబడి ఉంది, అది రాక ఏం చేస్తుంది? ఆ మాట డ్రైవరు మొదట్లోనే చెప్పలేదా? నేను ఇదే వివరించబోయాను. "నువ్వు నోరు మూసుకో" అన్నారు అందరూ ఏకకంఠంతో. నిర్దోషిగా తేలిన పది నిమిషాలకే నాకు దక్కిన మర్యాద అది.

తిరుచెందూరు చేరేసరికి రాహుకాలానికి ఎంతో సమయం లేదు. బావ గుడి బయట అటూఇటూ పరుగెడుతున్నాడు. వెంట్రుకలు తీసేవాడు చాప పరిచాడు, ఆచారి తీగలు పట్టుకుని కూర్చున్నాడు. నేను చొక్కా తొడుక్కున్నాను, కానీ ఆ ఊదామరకల చొక్కాతో ముందుకి పోలేక పక్కకి నిలబడ్డాను. అన్న ఎప్పటిలాగే చాప పక్కకి చేరి నిలబడ్డాడు, ఒకవేళ అవసరమైతే అన్నట్టు. అప్పుడు అవ్వ ఆ జనంలో అందరికీ వినిపించేలా అడిగింది: "తాయిమామన్ ఎక్కడ? పిలవండి. ఆయన రాకుండా కత్తి పెట్టకూడదు." ఎవరిని పిలుస్తోందా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. నన్నే. అరియర్ అనలేదు, ఒరేయ్ అనలేదు, ఆయన అంది. క్షమించమని ఆవిడ నన్ను అడగలేదు. ఆవిడ పోయేదాకా అడగలేదు. నేను వెళ్ళి చాప మీద కూర్చున్నాను. అక్క చంటివాణ్ణి నా ఒడిలో పెట్టింది.

వెంట్రుకలు తీస్తున్నంతసేపూ వాడు నిద్రమత్తులో ఊరుకున్నాడు. ఆచారి తీగ గుచ్చగానే కెవ్వున అరిచి, వెనక్కి తిరిగి, గుండు తల నా గుండెకేసి కుక్కుకుని, రెండు చేతులతో నా చొక్కా గుప్పిళ్ళు బిగించి పట్టుకున్నాడు. "మెల్లిగా గుచ్చలేవాయ్యా! మనిషివేనా నువ్వు?" అని నేను ఆచారి మీద అరిచాను. ఇంకో చెవి మిగిలి ఉందని ఆయన నిదానంగా చెప్పాడు. రెండో చెవికి నేను కళ్ళు మూసుకున్నాను. ఎవరు ఎక్కువ ఏడ్చారని బావ ఇప్పటికీ అడుగుతుంటాడు. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పను.

మొన్న సెలవులకి మా మేనల్లుడు సింగానల్లూరు వచ్చాడు. నాకన్నా ఒక చెయ్యి పొడవు. ప్లస్‌టూ చదువుతున్నాడు, మీసం వస్తోంది, ఒక్క అరియరూ లేదు. రాత్రి భోజనాల దగ్గర నేను ఎప్పటిలాగే ఆ రోజు కథ ఎత్తుకున్నాను. వాడు సగంలో ఆపి, జుట్టు పక్కకి తీసి చెవి చూపించాడు. "చూడు మామా, ఓట్టై యాడ ఉండాది? ఆరో క్లాసులో కమ్మలు తీయమన్నారు. అబ్బుడే మూసుకపోయె." చూశాను. నిజమే. చిల్లు లేదు. నాకు మళ్ళీ మొదలైంది. "ఏమిరా, నీ చెవి కోసం నేను మీ నాయనమ్మ ముందర బనియన్‌తో నిలబడినా! కాలే ఇసుకలో కూర్చున్నా! ఎవురి మాటా వినకుండా పోట్లాడినా! నువ్వు పూడ్చుకోని కూర్చుంటావా?" అని కేకలేశాను. వాడు పడీపడీ నవ్వుతున్నాడు. మా ఆవిడ వంటింట్లోంచి మాత్ర వేసుకున్నావా అని అడుగుతోంది. నేను వాడి చెవి తమ్మె రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కి చూశాను. చర్మం కింద గింజలా చిన్న ముడి ఒకటి తగిలింది. ఎండలో ఊదారంగు మూతితో, లోకమంతటి మీదా పళ్ళు కొరుకుతూ కూర్చున్న ఆ పిచ్చి కుర్రాడు అక్కడే ఎక్కడో ఉన్నాడనిపించి, తిట్టాల్సింది ఇంకా చాలా ఉన్నా, నాకు నవ్వొచ్చింది. "విడు మామా, నొస్తాంది" అన్నాడు వాడు. నేను ఇంకాసేపు వదల్లేదు.